ఏడో వరుస

సెప్టెంబరు 2, సోమవారం

నాకు ఓడలో ఎవడో మొండిచెయ్యి చూపించాడట. అందుకే ముఖం వేలాడేసుకుని ఇంటికొచ్చి పడ్డానట. ఈ సంగతి నాకు పాలవాడు చెప్పాడు. పాలవాడికి ఎదురింటావిడ చెప్పింది. ఎదురింటావిడకి, పక్క వీధిలో కాపురముండే మా అక్క చెప్పింది. మా అక్కకి ఎవరు చెప్పారో ఆ పైవాడికే తెలియాలి.

అమ్మది ఇంకో కథ. చదివిన చదువుకి ఉద్యోగం రాక, నలుగురిలో తలెత్తుకోలేక సముద్రం మీదికి పారిపోయానని ఆవిడ నమ్మకం. రంగుల తొట్టిలో మోచేతుల దాకా ముంచి, పాత బట్టలకి కొత్త రంగు పట్టిస్తూ, వచ్చినవాళ్ళకల్లా ఇదే చెప్తుంది. నాన్న ఏమనుకుంటున్నాడో తెలీదు. ఆయన అనుకునేవన్నీ వలల్లో అల్లేస్తాడు. బయటికి రావు.

పదకొండు నెలలు. జీతం భత్యం లేకుండా తుప్పు గీకి, రంగులేసి, కడుపులో పేగులు నోట్లోకి వచ్చేలా వాంతులు చేసుకుని, దొంగ వలల వెంటపడి తిరిగిన పదకొండు నెలలు. తిమింగలాల కోసం, చేపలు అంతరించిపోకుండా ఉండడం కోసం తిరిగే ఓడ అని వందసార్లు చెప్పాను. "తెలుసులేవే, నీది జాలిగుండె. చిన్నప్పుడు తోక తెగిన బల్లిని చూసి అన్నం మానేశావు" అంటుంది అక్క.

బల్లి!

పదిహేడున కేసు విచారణ. దొంగ వల వేసిందని మేం పట్టించిన నీలం రంగు చేపల ఓడ మీద. మా ఓడ పక్క రేవులో మరమ్మతుకి ఉంది, అందుకని అప్పటిదాకా ఇంట్లో ఉండమన్నారు. నేను సాక్షిని. పొద్దున అందరినీ కూర్చోబెట్టి విడమర్చి చెప్పాను. అందరూ బుద్ధిగా విన్నారు. మధ్యాహ్నానికల్లా అక్క గోడ మీద నుంచి ఎదురింటావిడతో అంటోంది: "ఆ అబ్బాయి మీద కేసు కూడా వేసిందండీ."

సెప్టెంబరు 3

నేల ఊగడం లేదు. కాళ్ళకి ఏం చేయాలో తోచడం లేదు.

సెప్టెంబరు 5, గురువారం

ఇంట్లో ఊపిరాడక నాన్న షెడ్డుకి వెళ్ళాను. రేవు చివర, ఐసు ఫ్యాక్టరీ గోడకి ఆనించి వేసిన రేకుల కప్పు. నాన్న కాలి బొటనవేలికి వల అంచు తగిలించుకుని, కన్ను తర్వాత కన్ను వేసుకుంటూ పోతున్నాడు. ఆకుపచ్చ వలకి ఎర్రదారం.

"ఆకుపచ్చ దారం అంతుండగా ఎర్రదెందుకు నాన్నా? ఎబ్బెట్టుగా కనిపిస్తోంది."

"కనిపించాలనే."

"ఎవరికి?"

"లాగేవాడికి. అతుకెక్కడుందో తెలియక దాని మీదే బరువంతా వేశాడనుకో, పుటుక్కున తెగి మోకొచ్చి మొహాన కొడుతుంది. మీ పెదనాన్న కన్ను అలాగే పోయింది."

ఇది నాకు ఇరవై మూడేళ్ళుగా తెలియదు. పెదనాన్న కన్ను పుట్టుకతోనే లేదనుకునేదాన్ని.

షెడ్డు వెనక సగమంతా ఒక వల గుట్టలా పడుంది. చూడగానే గుర్తుపట్టాను. అధికారులు స్వాధీనం చేసుకున్న నీలం ఓడ వల. అంత పెద్ద కప్పు రేవులో ఇంకెక్కడా లేదని, సీలు బిళ్ళ తగిలించి తెచ్చి ఇక్కడ పడేయించారట. ముట్టుకోకూడదు. చిరుగున్న వల కళ్ళెదురుగా ఉండి ముట్టుకోకూడదంటే నాన్నకి ఎలా ఉంటుందో నాకు తెలుసు. రోజుకి పదిసార్లు దాని చుట్టూ ప్రదక్షిణ చేస్తున్నాడు.

"కన్ను చూడు" అన్నాడు. "నేను పనిలోకొచ్చినప్పుడు రెండు వేళ్ళు దూరేవి. దీంట్లో చిటికెనవేలు కూడా పట్టదు. పిల్లచేపని కూడా వదలరన్నమాట." కాస్త జరిగి, చిరుగు చూపించాడు. నిలువెత్తు ఉంది. "కత్తితో కోశారు. కోసినవాడి చెయ్యి వణికింది. అన్నీ వంకర్లే. మీ వాళ్ళేనా?"

"మా వాళ్ళే. మా వంటాయన."

"లోపలేముంది?"

"పిల్ల. తిమింగలం పిల్ల."

"ఎంతుంటుంది?"

"ఈ షెడ్డులో సగం."

నాన్న షెడ్డు మొత్తం ఒకసారి కళ్ళతో కొలిచాడు. సూది నోట్లో పెట్టుకున్నాడు. ఆయన సూది నోట్లో పెట్టుకున్నాడంటే ఇక సభ ముగిసినట్టే.

గుమ్మంలో నుంచి నీలం ఓడ కనిపిస్తుంది. రేవు దాటి వెళ్ళకూడదని కట్టేసి ఉంచారు. దాని డెక్కు మీద చొక్కాలు ఆరేసి ఉన్నాయి.

సెప్టెంబరు 6

కెప్టెన్ ఫోను చేసింది. ఆవిడ గొంతు వింటేనే కాళ్ళ కింద డెక్కు ఉన్నట్టుంది.

"ఏం ముత్యాలూ, ఎలా ఉన్నావు?"

ఓడలో నన్నలాగే పిలుస్తారు. నా చేతిరాత వల్ల. మూడో తరగతి నుంచీ ఈ రాతే నన్ను మోస్తోంది. పెళ్ళి శుభలేఖల మీద పేర్లు నేనే, కాలేజీ బోర్డు మీద నోటీసులు నేనే, ఓడలో ఎప్పుడు ఎక్కడ ఏం చూశామో రాసే లాగ్ పుస్తకం నేనే. ఎంత దూరం పోయినా నన్ను కూర్చోబెట్టి రాయిస్తారు.

"లాయరుగారు నీ పేజీ చూసి మురిసిపోయారు. సముద్రం మీద కూర్చుని ఇంత శుభ్రంగా రాసినవాళ్ళని చూడలేదన్నారు. ఇదిగో, జాగ్రత్తగా విను. ఫోటోలున్నాయి గానీ, ఫోటోలో సముద్రం ఎక్కడైనా సముద్రమే. మీరు వెళ్ళిన రబ్బరు పడవలో పొజిషన్ చూపించే యంత్రం నీళ్ళపాలైంది. మన ఓడేమో తొమ్మిది మైళ్ళ అవతలుంది. వల నిషేధపు గీతకి లోపల ఉందని చెప్పేది నీ పేజీ ఒక్కటే తల్లీ."

"ఊఁ."

"అడిగేది ఒకే ఒక్క ప్రశ్న. ఇది అక్కడే, అప్పుడే, నీ చేత్తో రాసిందేనా అని. అవునను. అంతే. రెండు నిమిషాల పని."

అక్కడే రాశాను. నా చేత్తోనే. జెల్ పెన్ను సిరా కారిపోయింది కాబట్టి ఓడకొచ్చాక శుభ్రంగా ఎత్తిరాశాను. అంకెలు మార్చలేదు. ఎత్తిరాయడం తప్పా? నియమం ప్రకారం తప్పే. మొదటిరోజే చెప్పారు: పెన్సిలుతోనే రాయాలి, తప్పు పోతే ఒక్క గీత కొట్టి పక్కన పొడి సంతకం పెట్టాలి, పేజీ మాత్రం చింపకూడదు. నాకు పెన్సిలు రాత చూస్తే ఒళ్ళు మండుతుంది. పేజీ నిండా మరకలతో, కొట్టివేతలతో పుస్తకం అప్పజెప్పడానికి మనసొప్పలేదు. అంతే కదా. పాత పేజీ పారేశాను.

అంతే.

సెప్టెంబరు 8, ఆదివారం

ఆ రోజు జరిగింది ఒకసారి వరసగా రాసుకోవాలి. అవతలి లాయరు గుచ్చిగుచ్చి అడిగితే తడబడకూడదు.

పొద్దున తొమ్మిదిన్నరకి రబ్బరు పడవ దింపారు. ముగ్గురం. తోలడానికి గొణుగుడు, కత్తి పట్టడానికి వంటాయన, రాయడానికి నేను. గొణుగుడు అసలు పేరు ఓడలో ఎవరూ వాడరు. ఇంజనుతో, అలలతో, తన మోకాళ్ళతో ఒకటే గొణుగుతూ ఉంటాడు.

సముద్రంలో ఒక గీత ఉంది. పటంలోనే ఉంటుంది, నీళ్ళ మీద ఏం కనపడుతుంది? ఆ గీతకి లోపల ఈ నాలుగు నెలలూ ఎవరూ వల వేయకూడదు. తిమింగలాలు పిల్లల్ని వెంటేసుకుని తిరిగే చోటు. గీతకి బయట వేసుకుంటే ఎవరూ ఏమీ అనరు.

10:10కి లాగ్ పేజీలో ఆరో వరుస రాశాను. అప్పటికి గీత ఇంకా ఆరు మైళ్ళ ముందుంది. తర్వాత వలని తేల్చే బెండ్లు కనిపించాయి, వాటి వెంట పరిగెత్తాం. ఒకటే బెండ్లు, మైళ్ళకి మైళ్ళు. 10:40కి ఏడో వరుస. వల చివర, బెండు మీద నంబరు, పొజిషన్.

అప్పుడు వాసన వచ్చింది. కుళ్ళిన చేపల వాసన, వెచ్చగా. అది దాని ఊపిరి అని వంటాయన చెప్పాడు. పిల్ల వలలో చుట్టుకుపోయి తిరుగుతోంది, తిరిగినకొద్దీ ఇంకా చుట్టుకుంటోంది. గొణుగుడు గొణగడం మానేశాడు. నేను పుస్తకం పడవ అడుగున పెట్టి మోకు పట్టుకున్నాను. మోకు లాగుతుంటే మెడలో ఉన్న యంత్రం తాడు తెగి నీళ్ళలో పడిపోయింది. చూశాను గానీ మోకు వదల్లేదు.

నలభై నిమిషాలు. తల్లి మా పడవ కిందికి వచ్చింది. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. వీపుతో మమ్మల్ని కొంచెం పైకెత్తి, మళ్ళీ దింపింది. అంత బరువున్నది అంత నెమ్మదిగా. వంటాయన ఏడుస్తూనే కోశాడు. పిల్ల జారింది. మునిగింది. తల్లీ మునిగింది.

పైకి రావడం మేం చూడలేదు. గంటసేపు చూశాం.

మోకు లాగి ఊడిన అరచేతుల తోలు ఇప్పటికీ పూర్తిగా రాలేదు. అమ్మ చూసి, "ఆ ఓడలో అంట్లు తోమించారా నీచేత?" అంది.

సెప్టెంబరు 9

ఏడో వరుసలో పొజిషన్ రాశాను. రాసినట్టే గుర్తు.

సెప్టెంబరు 11, బుధవారం

షెడ్డుకి నీలం ఓడ నుంచి ఒకతను వచ్చాడు. డెక్కు మీద వల లాగే మనిషి. నాన్న వయసు. దారం అడగడానికి వచ్చాడు, చొక్కా కుట్టుకోవడానికి.

"ఎన్నాళ్ళుంచుతారో" అన్నాడు నాన్నతో. "కాలు నేల మీద పెట్టాలన్నా చీటీ రాయించుకోవాలి. నా మనవరాలికి నడక వచ్చిందట, ఫోనులో చూశాను."

"గీత దాటి వల వేశారంటగా" అన్నాడు నాన్న. ఎర్రదారం తెంపి ఇస్తున్నాడు.

"ఏ గీతో ఎవరికి తెలుసు సామీ! పైనుంచి వెయ్యి అంటారు, వేస్తాం. లాగు అంటారు, లాగుతాం. ఆ రోజు పొగమంచు కూడా." నావైపు చూశాడు. "మీ అమ్మాయా? చదువుకుంటోందా?"

"ఓడలో పని" అన్నాడు నాన్న.

"మంచిదే. మంచి ఓడేనా?"

నాన్న నావైపు చూశాడు, నన్నే చెప్పమన్నట్టు. నేను చెప్పులేసుకుని వచ్చేశాను.

ఆ రోజు పొగమంచు లేదు. అబద్ధం. ఎండ ఉంది. ఎంత సులువుగా చెప్పేశాడు!

సెప్టెంబరు 13, శుక్రవారం

పాత పేజీ పారేశానని రాశాను కదా. పారేయలేదు. రెయిన్‌కోటు లోపలి జేబులో ఉంది. ఉందని నాకు తెలుసు.

అమ్మ ఇవాళ ఆ కోటు ఉతకడానికి తీసింది. నేను స్నానం చేసి వచ్చేసరికి పేజీ బల్ల మీద పరిచి ఉంది, నాలుగు మూలలా నాలుగు దారపు ఉండలు బరువు పెట్టి. అమ్మా అక్కా చెరో పక్కా వంగి చూస్తున్నారు. అక్కని ఫోను చేసి మరీ పిలిపించింది.

"ఉత్తరం దొరికింది" అంది అక్క, దొంగని పట్టుకున్నట్టు.

"అది ఉత్తరం కాదే బాబూ!"

"మరి కోటు లోపలి జేబులో దాచుకుంటారా ఎవరైనా? తడిసి ముద్దయింది చూడమ్మా, ఏడ్చి ఏడ్చి తడిపేసింది. ఈ అంకెలేంటి? ఫోను నంబర్లా? పది పదికి కలుద్దాం, పది నలభైకి కలుద్దాం అనా?"

నవ్వొచ్చింది. నిజంగా పగలబడి నవ్వాను. ఇన్నాళ్ళకి నవ్వినందుకు అక్క కూడా నవ్వింది. ఆ ఊపులో చెప్పేశాను, ఇది లాగ్ పేజీ అని, సముద్రపు నీళ్ళు పడి సిరా కారిపోయిందని, అందుకే శుభ్రంగా ఎత్తిరాశానని.

అమ్మ నవ్వలేదు. పేజీ తీసి కిటికీ వెలుగులో పట్టుకుంది. రంగు దిగిన చీరల్ని అలాగే చూస్తుంది, ఏ రంగు ఎక్కడిదాకా పాకిందో.

"అన్నీ కారాయి. ఇదీ, ఇదీ, ఇదీ" అంది, నీలిరంగు గోటితో ఒక్కో గడీ తడుముతూ. "ఇది మాత్రం తెల్లగా ఉందేమే?"

ఏడో వరుస. మూడో గడి.

"అదీ కారిందమ్మా."

"కారితే అంచుల్లోనైనా మరక ఉంటుంది. ముప్ఫై ఏళ్ళుగా ఇదే కదా నా పని. ఇక్కడ దిగడానికి అసలు రంగే లేదు. ఏమీ రాయలేదా ఇక్కడ?"

"వదిలెయ్యమ్మా, దాని ఓడ గొడవలు మనకెందుకు" అంది అక్క.

అమ్మ పేజీ నా చేతికిచ్చింది. మళ్ళీ తొట్టి దగ్గరికి వెళ్ళిపోయింది.

నా గురించి ఈ ఇంట్లో ఎవరికీ ఏదీ సరిగ్గా అర్థం కాదని ఈ పుస్తకం మొదటి పేజీలోనే రాసుకున్నాను.

సెప్టెంబరు 14

రాయలేదు.

10:40 అని రాశాను. బెండు నంబరు రాశాను. యంత్రం వైపు తల దించబోతుంటే ఆ వాసన వచ్చింది. తలెత్తాను. ఆ తర్వాత మోకు.

ఎత్తిరాసేటప్పుడు ఆ గడి దగ్గర ఆగాను. మిగతావన్నీ కారినా ఆనవాలు తెలుస్తున్నాయి. ఇది ఖాళీ. ఆరో వరుస నుంచి ముప్ఫై నిమిషాలు, గొణుగుడు తోలిన వేగం, దిక్కు. లెక్క వేశాను. డిగ్రీలో లెక్కల్లో మంచి మార్కులే వచ్చాయి నాకు.

మొదటిసారి లెక్కలో వల గీతకి అర మైలు బయట వచ్చింది.

రెండోసారి వేగం కాస్త పెంచి వేశాను. ఒకటిన్నర మైలు లోపల వచ్చింది. అదే ఎక్కించాను. ముత్యాల్లాంటి అంకెలు.

గొణుగుడు చాలా వేగంగానే తోలాడు. వల లోపలే ఉంది. లోపల లేకపోతే తల్లీపిల్లా అక్కడెందుకుంటాయి? అవి గీత చూసుకుని తిరగవు, నిజమే. కానీ లోపలే.

నాకు తెలియదు.

సెప్టెంబరు 15

నీలం ఓడ వాళ్ళు ఇంజను పరీక్షిస్తున్నారు. షెడ్డు రేకులన్నీ దడదడలాడాయి. వదిలేస్తారని వాళ్ళకి నమ్మకమో, ఊరికే తుప్పు పట్టకుండానో.

నేను నిజం చెప్తే ఆ ఓడ తిన్నగా గీత దగ్గరికే పోతుంది. ఆ నాలుగు నెలల్లో ఇంకా నెలన్నర మిగిలుంది. చెప్పకపోతే ఈ ఏడాదికి కదలదు. ఇందులో ఆలోచించడానికి ఏముంది? పొద్దున నుంచి వీధి చివరిదాకా పదకొండుసార్లు వెళ్ళొచ్చాను. ఎదురింటావిడ జాలిగా మంచినీళ్ళిచ్చింది.

సెప్టెంబరు 16, సోమవారం

కెప్టెన్‌కి ఫోను చేసి చెప్పాను. ఖాళీ గడి, రెండు లెక్కలు, పాత పేజీ నా దగ్గరే ఉండడం. ఎక్కడా ఆగకుండా చెప్పాను, మధ్యలో ఆగితే మిగతాది మింగేస్తానని భయం.

వెనక ఎవరో సుత్తితో కొడుతున్నారు, తుప్పు పెచ్చులు రాలుతున్న చప్పుడు.

"లాయరుగారికి చెప్పావా?"

"లేదు. ముందు మీకే."

"ఆ ఓడ రేపు సాయంత్రానికి బయటికి పోతుంది. తెలుసా నీకు?"

"తెలుసు."

"గడి ఖాళీగా వదిలేసినా బాగుండేది. పిల్లని విడిపిస్తున్నాం, రాయలేదు అని రాసినా బాగుండేది. అదే నిజం కదా. దాంతోనైనా ఏదో ఒకలా పోరాడేవాళ్ళం. ఇప్పుడు నీ పేజీ ఒక్కటే కాదు, ఈ పదకొండు నెలల్లో నువ్వు రాసిన ప్రతి పేజీనీ అనుమానిస్తారు."

"అవును."

"అవునట!" అంది పక్కన ఎవరితోనో. గొణుగుడు ఫోను లాక్కున్నాడు. ఏడాదిలో మొదటిసారి అతని మాటలు స్పష్టంగా వినిపించాయి. "వల లోపలే ఉంది! నాకు తెలుసు! నేను తోలాను, నాకు తెలీదా? రేపు నోరు మూసుకుని అవునని ఒక్క మాట చెప్పు ముత్యాలూ, నీకు దణ్ణం పెడతాను."

"నువ్వు చూశావా పొజిషన్?"

గొణిగాడు. మళ్ళీ ఏమీ అర్థం కాలేదు.

కెప్టెన్ ఫోను తీసుకుంది. "పేజీ తీసుకుని రేపు పదింటికల్లా రా. లాయరుగారికి నేను చెప్తాను. ఇక నీకు పుస్తకం ఇవ్వను. ఇవ్వలేను."

"గురువారం ఓడ బయల్దేరుతోందా?"

"బయల్దేరుతోంది. ఆ నీలం ఓడ వెనకాలే తిరగాలి కదా ఇప్పుడు. నీ పుణ్యమా అని పని పెరిగింది."

రమ్మనలేదు. రావద్దనీ అనలేదు.

సాయంత్రం నాన్నతో చెప్పాను, వల రేపో ఎల్లుండో తీసుకుపోతారని. "చిరుగుతోనేనా?" అన్నాడు. అదొక్కటే ఆయన బాధ.

సెప్టెంబరు 17, మంగళవారం, పొద్దున

అక్క వచ్చింది, నాతో కోర్టుకి వస్తానని. "ఆ అబ్బాయి ముఖం నేనూ చూడాలి" అంది. రమ్మన్నాను.

అమ్మ పాత పేజీకి ఒక ప్లాస్టిక్ కవరు తొడిగి ఇచ్చింది. "ఇంక తడపకు" అంది.

అవునా అని అడిగితే కాదు అంటాను. ఏడో వరుసలో పొజిషన్ నేను అక్కడ రాయలేదని, తర్వాత లెక్కేసి పెట్టానని, ఆ లెక్క రెండుసార్లు వేశానని చెప్తాను. మొదటిసారి ఎంత వచ్చిందో అడిగితే అదీ చెప్తాను. గురువారం సంచీ తీసుకుని పక్క రేవుకి వెళ్తున్నాను. రాయడానికి కాదు. తుప్పు గీకుతాను, మోకు పట్టుకుంటాను. ఓడ ఎక్కుతున్నాను.